ఈ ఏటి నాణెం

హార్లన్ ట్వీడీ ముందు రాయిని మాట్లాడనిస్తాడు.
రెండు వేళ్ళ మధ్య వేలాడదీసి గోటితో మీటుతాడు.
కంగుమంటే ఒళ్ళోకి,
బొంగురుగా మూలిగితే గాస్కొనేడ్ నదిలోకి.
"లోపల బీట ఉంది" అంటాడు, అంతే.
ముప్పయ్యేళ్ళు మిస్సోరి పల్లె చర్చిల్లో
పియానోలు శ్రుతి చేసిన చెవి అది.

నేను బడి బస్సు నడుపుతాను.
శనివారాలు అతని షెడ్డు ముందు
బకెట్ బోర్లించుకుని కూర్చుంటాను,
తొడ మీద దళసరి తోలు,
ఎడమ చేతిలో చెకుముకి రాయి, కుడి చేతిలో దుప్పి కొమ్ము.
దెబ్బ పడే చోటు చూడకు,
అది పరిగెత్తి ఆగే చోటు చూడు అన్నాడు.
అంచుని ముందు ఇసుకరాయితో రుద్ది మొండి చెయ్యమన్నాడు.
పలచటి అంచు దెబ్బకి నిలవదట, పిండైపోతుందట.
పదును కోసం పదును చెరపడం
నా బుర్రకెక్కడానికి రెండు వేసవులు పట్టింది.

రాయిని వండుతాం కూడా.
మార్జరీ టర్కీ కోడిని కాల్చే కరెంటు పొయ్యి నిండా ఇసుక,
ఇసుకలో రాళ్ళు,
రాత్రంతా సెగ, మర్నాడంతా ఓపిక.
ఆత్రపడి మూత తీస్తే లోపల ఫట్‌మంటుంది.
ఆగితే, ఆ బూడిదరంగు రాయి
ఉడికిన రొయ్యలా గులాబి తిరిగి
మైనం పూసినట్టు మెరుస్తుంది.
ఈసారి పండక్కి మార్జరీ కొత్త పొయ్యి కొనుక్కుని
దాని మీద తన పేరు రాసుకుంది.

ఆ తర్వాత ఒత్తడమే.
రాగి మొన అంచుకి ఆనించి, మోకాళ్ళు దగ్గరికి నొక్కి,
ఊపిరి బిగబట్టి
టిక్.
చేప పొలుసంత పెచ్చు అరచేతిలో రాలుతుంది.
టిక్. మళ్ళీ రుద్దు. టిక్.
బొటనవేలు తెగితే నల్ల టేపు చుట్టు. టిక్.
మొన్న మూడు గంటలు చేసిన ములికి
చివరి గంటు పెడుతుంటే రెండైంది.
హార్లన్ ఏమీ అనలేదు. కాలితో ఒక డబ్బా నా వైపు తోశాడు.
అన్నీ అతను విరగ్గొట్టినవే. నలభై ఏళ్ళవి.

అక్టోబరులో సంతకెళ్ళాం,
పాత రాతి పనిముట్ల బేరాలు జరిగేచోటికి.
అద్దాల పెట్టెలో, నల్ల మఖమలు మీద, ఒక గులాబి ములికి.
"మా తాత దున్నుతుంటే దొరికింది. అయిదు వేల ఏళ్ళది.
ఎనిమిది వందల డాలర్లు."
హార్లన్ కళ్ళజోడు తుడుచుకున్నాడు.
టీ నీళ్ళలో నానిన రంగు, గీతల్లో ఎర్రమట్టి,
అడుగున రెండక్షరాలుండాల్సిన చోట అరగదీసిన నునుపు.
ఎడమ భుజం దగ్గర చిన్న మెట్టు.
"అక్కడ తుమ్మాను" అన్నాడు నా చెవిలో.
ఒక్క క్షణం అతని మొహం వెలిగింది, నేను చూశాను,
ఆ వెలుగుకి వెంటనే తనే సిగ్గుపడ్డాడు.
"ఇది నేను చేసింది" అన్నాడు పైకి.
అమ్మేవాడు నవ్వి పెట్టె మూసేశాడు.

పక్క బల్ల మీద నిజంగా పాతది ఒకటి,
సగం విరిగింది, అమ్మకానికి కాదు.
దాని మీదికి వంగి చాలాసేపు చూశాడు.
దానికీ ఒక మెట్టు ఉంది, కుడి భుజం దగ్గర.
"వీళ్ళకీ తుమ్మొచ్చింది" అన్నాడు.
ఆ బేరాల గోలలో
ముగ్గురం కాసేపు ఊరుకున్నాం.

ఇప్పుడతను అక్షరాలు అడుగున గీయడు.
వజ్రపు మొనతో నడిబొడ్డున, లోతుగా.
అందం చెడుతుంది అంటే, చెడనీ అంటాడు.
నా మొదటి ములికి మీద ఏం రాయాలో
నేనింకా తేల్చుకోలేదు.

సాయంత్రం షెడ్డు ముందు పెచ్చులన్నీ ఊడ్చి
కంచె పక్క గుంటలో పోస్తాం, గాజు పెంకుల గలగల.
మట్టి కప్పే ముందు హార్లన్ జేబు తడుముకుని
ఈ ఏటి నాణెం ఒకటి వెతికి అందులో వేస్తాడు,
ఎప్పుడో తవ్వేవాళ్ళు మమ్మల్ని
వేరెవరో అనుకోకుండా.

ఈ శనివారం అతని దగ్గర చిల్లర లేదు.
బస్సులో ఎవరో పిల్ల జారవిడిచిన పావలా
నేనే వేశాను, ఏడు సరిచూసి,
అంకెలు పైకుండేట్టు.